షెడ్డు కింద గ్రౌండ్‌హాగ్‌లు: 223 కొనాలా, 22-250 కొనాలా, పైన ఏ స్కోప్ పెట్టాలి?

గట్టుమీద_గుడిసె
రెండేళ్ల కింద ఊరవతల 11 ఎకరాలు కొన్నాం, ఒక పాత గుర్రాల షెడ్డుతో సహా. ఇప్పుడు ఆ షెడ్డు పునాది కింద గ్రౌండ్‌హాగ్‌లు (బొరియల్లో ఉండే పెద్ద ఉడుత జాతి జంతువులు) సొరంగాలు తవ్వి తవ్వి ఒక మూల కుంగిపోయింది, మొన్న గడ్డి కోసే ట్రాక్టర్ ముందు చక్రం బొక్కలో దిగబడింది. పక్క పొలం ఆయన గుర్రాలు పెంచుతాడు, కాలు విరిగితే ఎవడిది బాధ్యత అని నన్ను అదోలా చూస్తున్నాడు. రైఫిల్ ఎప్పుడూ కొనలేదు, స్నేహితుడి 22 తో రేంజ్‌లో రెండు మూడు సార్లు కాల్చా అంతే. ఇంటి వెనక వరండా నుంచి షెడ్డు 130 గజాలు, అవతల కంచె దాకా 260. షెడ్డు వెనక మట్టి గట్టు ఉంది. తూటా సైజు దగ్గరే గొడవ, ఒకాయన 223 రైఫిల్ అంటాడు, ఇంకొకాయన 22-250 తప్ప వేరేది కొంటే డబ్బు దండగ అంటాడు. స్కోప్ (గురి చూసే దుర్భిణి), దాన్ని బిగించే రింగులు అన్నీ కలిపి 1500 డాలర్లలో అయిపోవాలి. ఇంట్లో ఇప్పటికే ట్రాక్టర్ కొన్నందుకు మాటలు పడుతున్నా.

కొయోటీ_కాపరి
223. తర్వాతి ప్రశ్న.

సగం_అంగుళం
కాపరి గారు ఎప్పటిలాగే ఒక్క ముక్కలో తేల్చేశారు. కారణం నేను చెప్తా. 22-250 గొప్ప తూటానే, 55 గ్రెయిన్ (గ్రెయిన్ అంటే బుల్లెట్‌నీ మందునీ తూచే చిన్న బరువు) బుల్లెట్‌ని సెకనుకి 3680 అడుగుల వేగంతో పంపుతుంది, 223 అదే బుల్లెట్‌ని 3240 తో పంపుతుంది. కానీ ఆ తేడా కోసం ఒక్కో తూటాలో 25 గ్రెయిన్లు పట్టే చోట 35 దాకా మందు కాలుస్తున్నావ్, బ్యారెల్ తొందరగా వేడెక్కుతుంది, లోపల గొంతు దగ్గర, అంటే బుల్లెట్ బ్యారెల్‌లోకి దూరే చోట, తొందరగా అరిగిపోతుంది, చప్పుడు కూడా ఎక్కువ. నీకున్నది 260 గజాలు. అంత దూరానికి 223 హాయిగా సరిపోద్ది. పైగా తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి, కొత్తవాడివి కాబట్టి ప్రాక్టీసుకి వందల్లో కావాలి.

ప్రేరీ_గాలి
22-250 అన్నది నేనే అనుకోండి, ఇక్కడ కాకపోయినా ఎక్కడో అక్కడ అనే ఉంటా. సౌత్ డకోటాలో గాలి తోసే రోజున 350 గజాల్లో ప్రేరీ డాగ్ (గ్రౌండ్‌హాగ్ కంటే చిన్న బొరియల జంతువు) కొట్టి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం. 223 లో 55 గ్రెయిన్ బుల్లెట్‌ని గంటకి 10 మైళ్ల పక్కగాలి 300 గజాల దగ్గర 10 అంగుళాలు తోసేస్తుంది. ఆ జంతువు వెడల్పే అంత ఉండదు.

కొయోటీ_కాపరి
ఆయన అడిగింది షెడ్డు గురించి, సౌత్ డకోటా గురించి కాదు.

ప్రేరీ_గాలి
ఇవాళ షెడ్డు, రేపు సౌత్ డకోటా. ఈ రోగం అలాగే ముదురుద్ది.

ట్రిగర్_తాత
130 గజాలే అయితే 17 హెచ్ఎంఆర్ అనే ఇంకా చిన్న తూటా ఎందుకు చూడవు. 2002 లో వచ్చింది, 22 మాగ్నమ్ తూటా గొట్టం మెడ నొక్కి చేసింది, 17 గ్రెయిన్ల బుల్లెట్ 2550 అడుగులు. చప్పుడు తక్కువ, చవక. 150 లోపల గ్రౌండ్‌హాగ్ తల మీద పెడితే చాలు. కంచె దాకా అంటే మాత్రం వద్దు, అక్కడ దానికి దమ్ము చాలదు, దెబ్బతిని బొక్కలోకి పాకి చచ్చుద్ది, అది మనకీ బాగోదు దానికీ బాగోదు.

శాకాహారి_తమ్ముడు
ఇంత పెద్ద లెక్కలెందుకు, బోను పెట్టొచ్చుగా? చంపకుండా అయ్యే పనికి.

గట్టుమీద_గుడిసె
పెట్టా తమ్ముడూ. మూడు వారాలు పెట్టా. రెండు సార్లు పక్కింటి పిల్లి, ఒకసారి స్కంక్ (భయపడితే భరించలేని కంపు చిమ్మే జంతువు). ఆ స్కంక్‌ని బోనులోంచి ఎలా బయటికి వదలాలో నేర్చుకున్న రోజు మా ఆవిడ నన్ను గరాజ్‌లో పడుకోబెట్టింది.

శాకాహారి_తమ్ముడు
సరే స్కంక్ దగ్గర ఓడిపోయా. కానీ ఒక్క మాట, చచ్చినదాన్ని అక్కడే వదిలేయకండి. సీసం బుల్లెట్ ముక్కలయ్యి మాంసంలో ఉండిపోతుంది, దాన్ని తిన్న గద్దలు, డేగలు విషమెక్కి చస్తాయి. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకి సీసం బుల్లెట్లే నిషేధం. పాతిపెట్టండి, లేదా రాగి బుల్లెట్ వాడండి.

ప్రేరీ_గాలి
ఇది నిజం, మనవాళ్లు పట్టించుకోరు. ఇంకోటి, పశ్చిమానికి వచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోండి, యూటా ప్రేరీ డాగ్ ఫెడరల్ రక్షణలో ఉంది, దాన్ని ముట్టుకుంటే కేసే. చచ్చిన ప్రేరీ డాగ్‌లని చేత్తో ఎత్తకండి, వాటి మీద ఉండే గోమార్లకి (ఫ్లీస్) ప్లేగు ఉండొచ్చు.

వీసా_వీరుడు
దారి మళ్లిస్తున్నా సారీ. నేను హెచ్1బి మీద ఉన్నా, మాలాంటోళ్లు రైఫిల్ కొనకూడదంట కదా? మా రూమ్మేట్ సిటిజన్, వాడి పేరు మీద కొని నేను వాడుకుంటే సరిపోద్ది అంటున్నారు.

సగం_అంగుళం
ఆ సలహా ఇచ్చినవాడితో మాట్లాడటం మానెయ్. నీ డబ్బుతో నీకోసం వాడు కొంటే దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు, ఫెడరల్ నేరం, ఇద్దరికీ. తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో మొదటి ప్రశ్నల్లోనే అసలు కొనేవాడివి నువ్వేనా అని అడుగుతారు, అక్కడ అబద్ధం రాసినట్టు. వీసా పోవడం తర్వాత సంగతి, ముందు జైలు.

కొయోటీ_కాపరి
హెచ్1బి వాళ్లు కొనొచ్చు. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉండాలి. ఫారంలో ఆ మినహాయింపు గడి ఉంటుంది. ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు) నంబర్ తీసుకెళ్లు. నేనూ అలాగే మొదటిది కొన్నా, ఇప్పుడు గ్రీన్ కార్డ్. ఒకటి గుర్తుంచుకో, కొన్న రోజు ఒక్కటే కాదు, రైఫిల్ నీ దగ్గర ఉన్నన్నాళ్లూ ఆ లైసెన్స్ బతికుండాలి. గడువు అయిపోయిందంటే నీ ఇంట్లో ఉన్న తుపాకీయే నేరం. క్యాలెండర్‌లో పెట్టుకో.

వీసా_వీరుడు
రూమ్మేట్ సలహా వెనక్కి తీసుకున్నాడు. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసుకి ఇద్దరం పేర్లిచ్చాం.

గట్టుమీద_గుడిసె
నాకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి ఆ గొడవ లేదు. 223 కే ఫిక్స్ అయ్యా. ఇప్పుడు బ్యారెల్ దగ్గర మళ్లీ తల తిరుగుతోంది. 1:12, 1:9, 1:8 అని రాస్తున్నారు, ఏమిటా లెక్క? లావు బ్యారెల్ తీసుకోనా మామూలుదా?

సగం_అంగుళం
బుల్లెట్ అన్ని అంగుళాలు ప్రయాణిస్తే ఒక చుట్టు తిరుగుతుందన్నమాట. 1:12 అంటే నెమ్మది, 55 గ్రెయిన్ల దాకా బాగుంటుంది, పొడుగు బుల్లెట్లు అందులో సరిగ్గా నిలబడవు, టార్గెట్ మీద అడ్డంగా తగిలిన చిల్లులు పడతాయి. 1:8 తీసుకుంటే 40 నుంచి 77 దాకా అన్నీ ఆడుకోవచ్చు. లావు బ్యారెల్ వరండాలో కూర్చుని కాల్చేవాడికి బాగుంటుంది, వేడెక్కడం ఆలస్యం, తుపాకీ బరువుకి వణుకు తగ్గుద్ది. భుజానేసుకుని పొలమంతా తిరుగుతా అంటే మాత్రం సాయంత్రానికి నన్ను తిట్టుకుంటావ్.

ట్రిగర్_తాత
కొనేముందు ఖాళీ తుపాకీ ట్రిగర్ లాగి చూడు, షాపులో వాళ్లని అడిగి. గీసుకుంటూ బరువుగా వస్తే వేరేది చూడు. మిగతావన్నీ తర్వాత బాగుచేసుకోవచ్చు, పాడు ట్రిగర్‌తో నేర్చుకున్న అలవాటు మాత్రం పోదు. ఇంకో మాట, 223 అని ముద్రేసిన బ్యారెల్‌లో 5.56 తూటాలు పెట్టకు. చూడ్డానికి ఒకటే, లోపల ప్రెషర్ వేరు. 5.56 ఛాంబర్లో (తూటా కూర్చునే చోటు) 223 పేల్చొచ్చు, అటు నుంచి ఇటు కాదు.

మెల్లకన్ను
స్కోప్ సంగతి నాకొదిలేయండి. మూడు స్కోప్‌లు కొని అమ్మినవాడిని. అందరూ 6-24 (6 నుంచి 24 రెట్ల జూమ్) కొంటారు, కొన్నాక 24 లో పెట్టి చూస్తే ఎండకి నేల ఆవిరి లేచి గ్రౌండ్‌హాగ్ నీళ్లలో ఈదుతున్నట్టు కనిపిస్తుంది. 4-16 చాలు. పారలాక్స్ సర్దుకునే మీట పక్కన ఉండాలి, అది లేనిది కొనకు. అది సరిగ్గా పెట్టకపోతే కన్ను కొంచెం జరిగినా క్రాస్‌హెయిర్ (గురి గీతల కూడలి) టార్గెట్ మీద పాకుతుంది. రెటికిల్ (స్కోప్ లోపలి గురి గీతలు) సెకండ్ ఫోకల్ ప్లేన్, అంటే జూమ్ మార్చినా గీతల సైజు మారని రకం అయితే అందులో గీతల లెక్క ఒక్క జూమ్ దగ్గరే నిజం, సాధారణంగా పూర్తి జూమ్‌లో. 8 లో పెట్టి 300 గీత చూసి కొడితే తూటా ఎక్కడికో పోద్ది. నాకు పోయింది. రెండు సీజన్లు స్కోప్‌ని తిట్టా, తప్పు నాది.

గట్టుమీద_గుడిసె
కొన్నా! బిల్లు 1480, ఇంట్లో చెప్పిన సంఖ్య వేరు. రెమింగ్టన్ 700 తరహా యాక్షన్ (తూటా ఎక్కించి పేల్చే భాగం), 24 అంగుళాల లావు బ్యారెల్, 1:8. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో డిలే వచ్చింది, మూడు పనిదినాల లోపలే క్లియర్ అయింది. స్కోప్ 4-16x44 (ముందు అద్దం 44 మి.మీ.). ఆదివారం నేనూ మా బామ్మర్దీ కూర్చుని రైల్ (రింగులు పట్టుకునే లోహపు పట్టీ), రింగులు, స్కోప్ అన్నీ బిగించేశాం. బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) మూసేటప్పుడు కొంచెం బిగుతుగా ఉంది, కొత్తది కదా సర్దుకుంటుంది. వచ్చే శనివారం రేంజ్‌కి. ఏమైనా జాగ్రత్తలు ఉంటే చెప్పండి.

మెల్లకన్ను
రింగు మూతల స్క్రూలు చేతి బలంతో బిగించావా టార్క్ రెంచ్‌తోనా? ఇంచ్-పౌండ్ రెంచ్ కొనుక్కో. రింగు మూతలు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు, స్కోప్ కాగితంలో వేరేగా రాసుంటే అదే పాటించు. ఎక్కువ బిగిస్తే ట్యూబ్ నొక్కుకుపోద్ది. రైల్ మీద రింగు బిగించే ముందు దాన్ని ముందుకి తోసి ఆనించి బిగించాలి, లేకపోతే పేల్చిన ప్రతిసారీ వెనక్కి ముందుకి కదులుద్ది. క్రాస్‌హెయిర్ నిలువుగా ఉందో లేదో తాడుకి నట్టు కట్టి చెట్టుకి వేలాడదీసి దాంతో కలిపి చూసుకో, రైఫిల్ కింద రసమట్టం పెట్టి.

సగం_అంగుళం
రేంజ్‌లో నేరుగా 100 కి వెళ్లకు. ముందు బోల్ట్ తీసేసి బ్యారెల్ లోంచి 25 గజాల టార్గెట్ చుక్క చూడు, తుపాకీ కదలకుండా స్కోప్ తిప్పి క్రాస్‌హెయిర్‌ని కూడా అదే చుక్క మీదికి తెచ్చుకో. బోల్ట్ పెట్టి ఒక్కటి పేల్చు. ఇక్కడే అందరూ దెబ్బతింటారు: స్కోప్ మీట తిప్పితే వచ్చే ఒక్కో పావు ఎమ్ఓఏ (కోణం కొలత) క్లిక్ 100 గజాల దగ్గర పావు అంగుళం, 25 దగ్గర అంగుళంలో పదహారో వంతే. రెండంగుళాలు జరపాలంటే 32 క్లిక్కులు. 25 లో తూటా చుక్కకి అర అంగుళం, ముప్పావు కింద పడితే చాలు, ఎందుకంటే స్కోప్ బ్యారెల్ కంటే పైన కూర్చుంది. తర్వాత 100 కి వెళ్లి అంగుళంన్నర పైకి పెట్టుకుంటే 200 దగ్గర జీరో అవుద్ది, అంటే గురి పెట్టిన చోటే తగులుద్ది, కంచె దాకా గ్రౌండ్‌హాగ్ నడుం మధ్యలో పెట్టి కొట్టుకోవచ్చు.

గట్టుమీద_గుడిసె
రేంజ్ నుంచి వచ్చా. ఏడుపొక్కటే తక్కువ. 25 లో బాగానే ఉంది. 100 లో మొదటి ఐదు 4 అంగుళాల వెడల్పు. రెండో ఐదు ఎడమ పక్క ఇంకోచోట, మూడో ఐదు కింద. ఏం తిప్పినా మళ్లీ జరుగుతోంది. మూడు రకాల తూటాలు మార్చా. 60 తూటాలు తగలేశా. పక్క బల్ల మీద ఒక పెద్దాయన 1970 ల నాటి తుపాకీతో నాణెం సైజు గ్రూప్ (చిల్లులన్నీ ఒకే చోట) కొట్టి నాకేసి చూసి నవ్వాడు. స్కోప్ పోయిందా? షాపుకి తిరిగి ఇచ్చేయనా?

ప్రేరీ_గాలి
22-250 కొనుంటే ఇలా జరిగేది కాదు 😄

కొయోటీ_కాపరి
ప్రేరీ గారూ ఆపండి. గుడిసె బ్రో, కంగారు పడకు. బ్యారెల్‌కీ స్టాక్‌కీ (తుపాకీని పట్టుకునే భాగం) మధ్య ఒక డాలర్ నోటు దూర్చి వెనక దాకా లాగి చూడు. ఎక్కడైనా ఆగితే అక్కడ తగులుతోంది, వేడెక్కినకొద్దీ గ్రూప్ పాకుద్ది. ముందు కాళ్లు (బైపాడ్) స్టాక్ మీద ఆనించావా బ్యారెల్ మీద ఆనించావా?

గట్టుమీద_గుడిసె
బైపాడ్ స్టాక్‌కే ఉంది. నోటు నున్నగా పోయింది. 20 డాలర్ల నోటుతో చేశా, దగ్గర అదే ఉంది.

మెల్లకన్ను
పారలాక్స్ 100 మీద పెట్టావా? మధ్యలో బ్యారెల్ చల్లారనిచ్చావా లేక 60 వరసగా వాయించావా?

గట్టుమీద_గుడిసె
ఐదేసి కొట్టి పది నిమిషాలు ఆగా. పారలాక్స్ సరిగ్గానే పెట్టా, తల ఊపినా గీత కదల్లేదు.

సగం_అంగుళం
అయితే భుజం అదురుతోందేమో. ఎవరితోనైనా నీకు తెలియకుండా ఒక్కోసారి తూటా లేకుండా బోల్ట్ మూయించి ట్రిగర్ లాగు, తుపాకీ ముక్కు కిందకి వంగితే నువ్వే. 223 కి అదరడం తక్కువే గానీ కొత్తవాళ్లకి చప్పుడుకే అవుతుంది.

ట్రిగర్_తాత
ఆగండాగండి. అందరూ టార్గెట్ కాగితం చూస్తున్నారు. ఈయన కొన్న రోజు రాసిన పోస్టు మళ్లీ చదవండి. "బోల్ట్ మూసేటప్పుడు కొంచెం బిగుతుగా ఉంది" అన్నాడు. రైల్ బిగించక ముందు షాపులో బోల్ట్ ఆడించినప్పుడు బిగుతుగా ఉందా?

గట్టుమీద_గుడిసె
షాపులో వెన్నలా ఉంది తాతా. అందుకే కొన్నా.

ట్రిగర్_తాత
అయితే స్కోప్ జోలికి పోవద్దు, షాపు జోలికీ పోవద్దు. రైల్ స్క్రూలు నాలుగూ ఒకే పొడవున్నాయా?

గట్టుమీద_గుడిసె
గుర్తులేదు. కవర్‌లోంచి తీసి పెట్టాం అంతే. బామ్మర్దిని అడుగుతా.

బామ్మర్దిని_నేనే
అన్నీ ఒకేలా ఉన్నాయి బావా. రెండు కొంచెం పొడుగేమో.

మెల్లకన్ను
😂😂😂 "కొంచెం పొడుగేమో"

ట్రిగర్_తాత
దొరికాడు. 700 తరహా రిసీవర్ (బోల్ట్ కదిలే గూడు) ముందు భాగం ఎత్తు, వెనక వంతెన కిందకి ఉంటుంది. అందుకే రైల్ వెనక వైపు మందంగా ఉంటుంది, పొడుగు స్క్రూలు అక్కడికి, పొట్టివి ముందుకి. మీరు తారుమారు చేశారు. ముందు బొక్కలో పొడుగుది వేస్తే అది లోపల బ్యారెల్ మరల మీద ఆగిపోద్ది, చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, రైల్ మాత్రం నొక్కుకోదు. దాని వెనక బొక్కలో పొడుగుది లోపలికి పొడుచుకొచ్చి బోల్ట్ తలకి రాసుకుంటుంది, అదే నీ బిగుతు. వెనక పొట్టివి రెండు మరలు మాత్రమే పట్టుకుని ఉంటాయి. రైల్ మొత్తం ఊయల. టార్క్ రెంచ్ కూడా మోసపోద్ది, ఎందుకంటే స్క్రూ నిజంగానే ఆగింది, ఆగాల్సిన చోట కాదు. ముందు తుపాకీ ఖాళీ ఉందో చూసుకో. స్కోప్, రైల్ తీసి బోల్ట్ ఆడించు. తర్వాత రైల్ పెట్టి ఒక్కో స్క్రూ బిగిస్తూ ప్రతిసారీ బోల్ట్ ఆడించు, ఎక్కడ బిగుతొస్తే అదీ దొంగ.

గట్టుమీద_గుడిసె
రైల్ తీస్తుంటే వెనక రెండు స్క్రూలు వేళ్లతోనే వచ్చేశాయి. రైల్ లేకుండా బోల్ట్ వెన్న. బోల్ట్ ముందు చెవి మీద మెరుస్తున్న గీత, గోరుకి తగిలీ తగలనంత. తాతా మీరు ఎక్కడుంటారో చెప్పండి, వచ్చి కాళ్లకి దండం పెడతా.

బామ్మర్దిని_నేనే
నేను కవర్ మీద బొమ్మ చూద్దాం అన్నా బావా, నువ్వే వద్దన్నావు, టీవీ కంటే సులువు అన్నావు.

గట్టుమీద_గుడిసె
ఈ విషయం ఇంట్లో మాట్లాడుకుందాం రా.

ట్రిగర్_తాత
గీత లోతు లేకపోతే ఏం కాదు, సన్నగా నూనె రాయి. మరల్లో ఉన్న నూనె స్పిరిట్‌తో తుడిచి, నీలం లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా వేసే జిగురు) ఒక చుక్క రైల్ స్క్రూలకి మాత్రం వెయ్యి. ఎరుపుది వేస్తే నీ మనవడు కూడా విప్పలేడు. రింగు మూతలకి వెయ్యకు, జిగురు నూనెలా జారి ఎక్కువ బిగిసిపోద్ది.

శాకాహారి_తమ్ముడు
ఇన్నాళ్లూ గ్రౌండ్‌హాగ్‌లు హాయిగా ఉన్నాయన్నమాట.

గట్టుమీద_గుడిసె
వాటికి పిల్లలు కూడా పుట్టాయి. వరండా నుంచి స్కోప్‌లో చూశా, రెండు కాళ్ల మీద నిలబడి నన్నే చూస్తున్నాయి. మా అమ్మాయి వాటికి పేర్లు పెట్టింది, ఇది ఇంకో సమస్య.

గట్టుమీద_గుడిసె
ఇవాళ రేంజ్ రిపోర్ట్. అదే తుపాకీ, అదే స్కోప్, అవే తూటాలు. ఐదు షాట్లు, ఒక చివర తూటా మధ్య నుంచి ఇంకో చివర తూటా మధ్యకి ముప్పావు అంగుళం. మళ్లీ ఐదు, అంగుళం, అందులో ఒకటి నేనే లాగేశా. తర్వాత సగం అంగుళం గారు చెప్పినట్టు అంగుళంన్నర పైకి తిప్పి 200 కి వెళ్లా, మూడు షాట్లు నడుం మధ్యలో. ఆ పెద్దాయన మళ్లీ ఉన్నాడు, ఈసారి నవ్వలేదు, ఏ తూటాలు అని అడిగాడు. బామ్మర్దికి బిర్యానీ బాకీ పడ్డా.

సగం_అంగుళం
మూడు షాట్ల గ్రూపుని నమ్మకు, పది కొట్టి చూడు. అయినా బాగుంది. ఇప్పుడు 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందకి, 20 ఎడమకి తిప్పుతూ ఒక్కో చోట కొట్టు. చివరికి మొదటి చిల్లు పక్కకే తిరిగి వస్తే స్కోప్ నిజాయితీపరురాలు.

కొయోటీ_కాపరి
పేల్చే ముందు ప్రతిసారీ వెనక ఏముందో చూడు. గట్టు ఉన్న వైపే కొట్టు, కంచె మీద కూర్చున్నదాన్ని ఆకాశం వెనకగా కొట్టకు. తేలిక బుల్లెట్ నేలకి తగిలి ముక్కలవుద్ది అని ధీమా పడకు, రాయికి తగిలితే ఎటు పోద్దో దేవుడికే తెలుసు. గుర్రాలాయనకి ముందే ఒక మాట చెప్పి ఉంచు. ఇంటికి ఎంత దూరంలో కాల్చొచ్చో మీ రాష్ట్రం రూల్ చదువు.

గట్టుమీద_గుడిసె
ఆయనకి చెప్పా. ఎన్నింటికి మొదలుపెడతావ్, నేనూ కుర్చీ తెచ్చుకుంటా అన్నాడు.

కొత్తగా_వచ్చా
మొత్తం చదవలేదు సారీ, నాది కూడా 223, మా కజిన్ దగ్గర 5.56 తూటాలు ఒక డబ్బా ఉన్నాయి, వాడేయొచ్చా?

మెల్లకన్ను
తాతా, మీరే చెప్పండి.

ట్రిగర్_తాత
పైకెళ్లి చదువు నాయనా. ముందు ఆ డబ్బా మూసెయ్.